ఎర్రడబ్బాలో పడాల్సిన బ్లేడు

పోయిన నెలలో ముగ్గురు కుర్రాళ్ళు మా ఇల్లు వెతుక్కుంటూ అత్తాపూర్ వచ్చారు. పాత రేజర్లు సేకరించేవాళ్ళకు ఫోన్లో ఒక గుంపు ఉందట. అందులో ఎవరో నా గురించి చెప్పారట. ముగ్గురికీ ఛాతీ దాకా గడ్డాలు. గడ్డం గీసుకోనివాళ్ళకు రేజర్లెందుకు నాయనా అని అడిగితే, "ఇదొక ప్యాషన్ అంకుల్" అన్నాడు వాళ్ళలో పొడుగువాడు. సరేనని లోపలికి రమ్మన్నాను. నా దగ్గరున్న తొమ్మిది రేజర్లూ బల్లమీద పరిచాను. పురిటిబిడ్డను అందుకున్నట్టు రెండు చేతులతో అందుకుని, కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి ఫోటోలు తీసుకున్నారు. ఒక్కడు కూడా ఒక్కదాన్నైనా చెంపకు ఆనించి చూడలేదు.

వెళ్ళబోతూ పొడుగువాడు అడిగాడు. "వీటికి సరిపడే బ్లేడ్లు ఇప్పుడంటే మేం ఆన్‌లైన్లో తెప్పించుకుంటున్నాం. అప్పట్లో మీకెక్కడ దొరికేవి అంకుల్?"

"దొరికేవి" అన్నాను. టీ తాగించి పంపేశాను.

గుమ్మం దాటి వాళ్ళు అలా వెళ్ళారో లేదో నా మీద నాకే రోత పుట్టింది. ఉద్యోగం వదిలి ఏడేళ్ళయినా ఇంకా ఆ ఒక్క ప్రశ్నను టీ కప్పు అడ్డంపెట్టి దాటేస్తున్నాను. కాబట్టి జవాబు ఇక్కడ రాస్తున్నాను. కుర్రాళ్ళూ, కాస్త ఓపిక పట్టండి. ఇందులో ఫోటో తీసుకోదగ్గది ఏమీ ఉండదు.

తెలియనివాళ్ళ కోసం ముందు ఆ వస్తువు సంగతి చెప్పాలి. మామూలు బ్లేడుకు రెండు వైపులా పదును, కాగితంలా వంగుతుంది. సింగిల్ ఎడ్జ్ బ్లేడు వంగదు. ఒకవైపే పదును, రెండోవైపు అంచు పొడవునా మందపాటి లోహపు మడత. ఆ మడత ఉంటేనే పాత రేజర్ దాన్ని పట్టుకుంటుంది. రేజర్ తలమీది మూత లేపి, బ్లేడు జారవిడిచి, మూత నొక్కితే టక్కుమంటుంది. గీసుకుంటుంటే గరగరమని పక్కగదిలోకి కూడా వినపడుతుంది. ఆ చప్పుడు కోసమే దాని భక్తులు పడిచస్తారు. నేనూ పడిచచ్చినవాణ్ణే.

నా మొదటిది జుమ్మేరాత్ బజార్‌లో దొరికింది. నేలమీద పరిచిన గోనెపట్టా మీద కుళాయి తలలు, తాళంచెవులు లేని తాళాలు, వాటి మధ్య ఇది. అమ్మే ముసలాయనకు అదేమిటో తెలియదు. "ఏదో గీకుడు సామాన్ సాబ్, తీస్కపోండ్రి" అన్నాడు. ఇంటికి తెచ్చి చింతపండు పెట్టి తోమి, వేడినీళ్ళలో నానబెట్టి, పాత పళ్ళబ్రష్షుతో సందుల్లో మురికి తీస్తే పెళ్ళికొడుకులా తయారైంది. తీరా చూస్తే దానికి బ్లేడు లేదు. కిరాణా కొట్లో దొరికే మామూలు బ్లేడును మధ్యకు విరిచి పెట్టాను. రెండో గీతకే అది జారి గడ్డం కింద దిగింది. మా ఆవిడ పసుపు తెచ్చి అద్దుతూ, "ముఖం మీద ప్రయోగాలు చేసేవాళ్ళు ఇంకో ముఖం కూడా దగ్గర పెట్టుకోవాలి" అంది.

ఆ గాయం మానకముందే నా ఉద్యోగం చోటే నాకు బ్లేడ్లు కనిపించాయి.

శంషాబాద్‌లో ఎయిర్‌పోర్ట్ గోడ లోపల విమానాలు మరమ్మతు చేసే ఒక హ్యాంగర్‌లో నేను పనిముట్ల స్టోర్ కీపర్ని. బయటివాళ్ళకు అది స్పానర్లు పంచే పనిలా కనబడుతుంది. అసలు పని పంచడం కాదు, తిరిగి తీసుకోవడం. విమానం దగ్గర ఒక స్క్రూడ్రైవర్ కనిపించకపోతే అది విమానంలోనే ఉందని అనుకోవాలి. దొరికేదాకా ఆ విమానం కదలకూడదు. ఏ తీగల మధ్యో, ఏ కడ్డీ పక్కనో ఇరుక్కుని అది గాల్లో ఏం చేస్తుందో ఎవరూ చెప్పలేరు.

సీట్లు పీకి కార్పెట్ లేపాక నేలకు జిగురు అంటుకుని ఉంటుంది. దాన్ని గీకడానికి బ్లేడ్లు ఇచ్చేవాళ్ళం. ఒకవైపే పదును, రెండోవైపు మడత. మొదటి పొట్లం విప్పిన రోజే ఒకటి ఇంటికి తీసుకెళ్ళి పెట్టి చూశాను. కొలిచినట్టు నా రేజర్‌కు సరిపోయింది. జిగురు గీకే బ్లేడు ముఖానికి పనికొస్తుందా అంటే, రాదు. మెడంతా మండేది. బెల్టు మీద సానబెట్టి, మండుతున్న మెడతోనే క్యాంటీన్లో కూర్చుని, ఇంత హాయి ఎక్కడా లేదని అందరికీ చెప్పేవాణ్ణి.

పద్ధతి ఇది. బ్లేడు ఎవరికిచ్చినా వాడేశాక తిరిగి తెచ్చి నా గుమ్మం పక్కనున్న ఎర్రడబ్బాలో వెయ్యాలి. కొత్తవీ పాతవీ కలిపితే మొత్తం సరిపోవాలి. నేను సోమవారం ఒక బ్లేడు తీసుకుని, కళ్ళజోడు పెట్టుకునే ఇనుప డబ్బాలో దాచి ఇంటికి తీసుకెళ్ళి, శనివారం దాకా గీసుకుని, అదే డబ్బాలో తిరిగి తెచ్చి ఎర్రడబ్బాలో వేసేవాణ్ణి. మధ్యలో లెక్కలో ఒకటి తక్కువ. లెక్క చూసేది నేనే, సరిపోయిందని రాసేది నేనే. కింద సంతకం పెట్టే హ్యాంగర్ ఇన్‌స్పెక్టర్ చదవకుండా పెట్టేవాడు. దొంగతనం అనే మాట నాకెప్పుడూ తట్టలేదు. తిరిగి ఇచ్చేస్తున్నానుగా అని నాకు నేను పెద్ద నిజాయితీపరుణ్ణి.

ఇక క్యాంటీన్లో నా ఉపన్యాసాలు. కొత్తరకం రేజర్లు వాడేవాళ్ళను బతకనిచ్చేవాణ్ణి కాదు. "ఐదు బ్లేడ్లు పెట్టి గీకడానికి నీది గడ్డమా, గడ్డివామా?" అనేవాణ్ణి. కోణం, నురుగు, నీటి వేడి, అన్నిటికీ నా దగ్గర సూత్రాలుండేవి. అన్నిటికన్నా పెద్ద సూత్రం: బ్లేడును గుడ్డతో తుడవకూడదు. తుడిస్తే అంచు చచ్చిపోతుంది. నీళ్ళలో జాడించి అలాగే ఆరనివ్వాలి. ఇది ఎవరు కనిపెట్టారో నాకు తెలియదు, ఎక్కడో చదివాను. మడి కట్టుకున్నట్టు పాటించాను.

జిగురు గీకే పనిలో పక్కూరు పాల్మాకుల నుంచి వచ్చే ఒకామె ఉండేది. నలభై దాటిన మనిషి, వ్యవసాయం చేసుకునే ఇంటి కోడలు. కాంట్రాక్టు మీద శుభ్రం చేసే పనికి వచ్చి, నేలకు గీత పడకుండా జిగురు లేపడంలో ఇంజినీర్ల కన్నా మెరుగైంది. భర్త లారీ దిగుతూ మోకాలు విరగ్గొట్టుకుని ఇంట్లో ఉన్నాడు. ఇల్లు నడిచేది ఆమె మెడలోని ఎయిర్‌పోర్ట్ పాసుతోనే. ఆ పాసు ఒకసారి తప్పు మీద రద్దయితే గోడ లోపల ఇంకే కంపెనీ కూడా పనిలోకి తీసుకోదు. వాళ్ళ ఊరివాళ్ళకు మంచి పని దొరికేదంతా ఆ గోడ లోపలే.

నెలాఖరున ఎర్రడబ్బా ఖాళీ చేసేది ఆమే. నా ఎదుటే నేలమీద పేపరు పరిచి, బ్లేడ్లు పదేసి చొప్పున వరసల్లో పేర్చి లెక్కపెట్టేది. నేను కుర్చీలో కూర్చుని టీ తాగుతూ ఆమె చెప్పిన సంఖ్య రాసుకునేవాణ్ణి. అన్నేళ్ళలో ఒక్కసారి కూడా ఆ వరసల వైపు వంగి చూడలేదు. సంఖ్య సరిపోయింది కదా, చూడ్డానికేముంది అనుకున్నాను.

అది శనివారం. సాయంత్రం నాలుగింటికి విమానం వెళ్ళిపోవాలి. పాత ఇన్‌స్పెక్టర్ బదిలీ అయి, ఆ వారమే కొత్తాయన వచ్చాడు. పాతబస్తీ మనిషి, మెత్తగా మాట్లాడతాడు, కళ్ళు మాత్రం మెత్తనివి కావు. పదింటికి స్టోర్‌కు వచ్చి, "ఇయ్యాల లెక్క నేనే చూస్త సాబ్, మీరు జర కూసోండ్రి" అన్నాడు. ఎర్రడబ్బా తెరిచాడు. పొట్లాలు లెక్కపెట్టాడు. మళ్ళీ లెక్కపెట్టాడు. "ఒకటి కమ్మి ఉంది సాబ్" అని డబ్బాకు సీలు వేసేశాడు.

ఆ తక్కువైన ఒక్కటీ నా చొక్కా జేబులో, కళ్ళజోడు డబ్బాలో ఉంది. సాయంత్రం వెయ్యొచ్చులే అనుకున్నాను. పొద్దున వచ్చీ రాగానే వేసి ఉంటే ఈ కథే లేదు.

ఆ వారమంతా బ్లేడ్లు తీసుకున్నది పాల్మాకుల ఆమె ఒక్కతే. పిలిపించారు. "తీస్కున్నయన్ని తిరిగిచ్చిన సారు. ఒక్కటి సుత నా తాన లేదు" అంది. వెతకడం మొదలైంది. అప్పుడే బిగించిన సీట్లు మళ్ళీ విప్పారు. నేల పలకలు లేపారు. మనుషులు బోర్లా పడుకుని టార్చిలైట్లు వేశారు, కర్రకు అయస్కాంతం కట్టి సందుల్లో తిప్పారు. ఆమె కూడా మోకాళ్ళ మీద పాకుతూ, తను పోగొట్టనిదాన్ని తనే వెతికింది.

జేబులో చెయ్యి పెట్టి తీసిస్తే అయిపోయేది. ఉద్యోగం పోతుందన్న భయం ఉంది, రిటైర్మెంటుకు ఇంకా పది నెలలే. కానీ నిజం చెప్పాలంటే ఆ భయం రెండోది. మొదటిది, క్యాంటీన్లో నవ్వుతారని. మహారాజులా ఉపన్యాసాలిచ్చినవాడు జిగురు గీకే బ్లేడు ఎత్తుకెళ్ళి గీసుకుంటున్నాడని తెలిస్తే నవ్వక ఏం చేస్తారు? ఆ నవ్వుకు భయపడి ఐదు గంటలు నోరు మూసుకున్నాను.

మూడింటికి హ్యాంగర్ మేనేజర్ దిగాడు. ఇస్త్రీ నలగని మనిషి, అరవడు. ఆమెను ఎదురుగా నిలబెట్టి, "ఎక్కడ వదిలేశావో గుర్తు తెచ్చుకోమ్మా" అన్నాడు.

"ఎక్కడ వదల్లే సారు. స్టోర్ సారునే అడుగుండ్రి, ఆయన ముంగటనే డబ్బాల ఏసిన."

అందరూ నా వైపు తిరిగారు. అప్పుడు నేనన్న మాట ఇప్పటికీ నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. "డబ్బాలో ఆవిడే వేసుకుందండీ. నేను ఫోన్లో ఉన్నాను, లెక్క చూడలేదు." పూర్తి అబద్ధం ఆడే ధైర్యం కూడా లేనివాడు ఆడే అబద్ధం అది.

ఆ తర్వాత నేను చేసిన పని విమానాల దగ్గర ముప్పై ఏళ్ళు బతికినవాడెవడూ చెయ్యకూడనిది. "నేనూ ఒకసారి చూస్తాను" అని విమానమెక్కాను. రెక్కల దగ్గరి వరసలో అటు తిరిగి పడుకుని, కళ్ళజోడు డబ్బా తెరిచి, బ్లేడును సీటు కడ్డీ గాడిలోకి తోశాను. కాసేపు టార్చి అటూ ఇటూ తిప్పాను. తర్వాత "దొరికింది!" అని అరిచాను. ఎంత సహజంగా అరిచానంటే నాకే సంతోషం వేసింది.

చప్పట్లు కొట్టారు. నన్ను భుజం తట్టనివాడు లేడు. ఇన్‌స్పెక్టర్ బ్లేడును పట్టకారుతో తీసి వెలుగుకు పెట్టి చూసి, "అల్హమ్‌దులిల్లా" అని పారదర్శకమైన ప్లాస్టిక్ సంచిలో వేశాడు. పాల్మాకుల ఆమె దగ్గరికి వచ్చి ఆ సంచిలోకి చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత ఆమె చూపు నా గడ్డం మీదికి వచ్చి ఆగింది. ఆ పొద్దునే నున్నగా గీసుకున్న గడ్డం.

"గిది నాది కాదు సారు" అంది మేనేజర్‌తో.

"దానిమీద పేరు రాసి ఉంటుందా?" అన్నాడు మేనేజర్. నలుగురు నవ్వారు. నేనూ నవ్వాను.

ఐదింటికి ఆమె పాసు తీసేసుకున్నారు. పనిముట్టును విమానంలో వదిలిందని రాసిన కాగితం మీద సాక్షిగా నా సంతకమే. విమానం గంటన్నర ఆలస్యంగా వెళ్ళిపోయింది. చేతితొడుగులు, లాకర్ తాళంచెవి అప్పగించడానికి ఆమె స్టోర్‌కు వచ్చింది. ఇంకెవరూ లేరు.

"జిగురు గీకిన బ్లేడు పసుప్పచ్చగ ఉంటది సారు" అంది, తాళంచెవి బల్లమీద పెడుతూ. "మడతల జిగురు ఇరుక్కుంటది. మీకు దొరికినదాన్ల సబ్బున్నది. సన్న ఎంట్రుకలున్నయి, తెల్లయి, నల్లయి."

తుడవకూడదన్న నా మహాసూత్రం ఆ మడతలో అలాగే ఎండిపోయి ఉంది.

"నెలనెలా డబ్బా ఖాళీ జేసేది నేనే గద. నెలకు నాలుగు గసొంటియి వస్తయి, వారానికొకటి. నాకు ఎప్పటిసంది ఎరుకనో."

"మరి అందరి ముందూ ఎందుకు చెప్పలేదమ్మా?"

"నేను జెప్తే నమ్ముతరా? మీరే జెప్తరని జూసిన" అని వెళ్ళిపోయింది.

సోమవారం నాకు సన్మానం చేశారు. అప్రమత్తతకు ప్రశంసాపత్రం, శాలువా, ఒక ఫోటో. ఆ ఫోటోలో నా ముఖం చూస్తే ఉమ్మెయ్యాలనిపిస్తుంది, అంత వినయంగా ఉన్నాను. బుధవారానికి కాస్త సిగ్గు వచ్చి మేనేజర్ గదికి వెళ్ళి ఉన్నదంతా చెప్పాను. ఆయన లేచి తలుపు వేశాడు.

"విమానం వెళ్ళిపోయింది, ఫైలు మూసేశాం. మీరిప్పుడు నోరు తెరిస్తే, విమానంలో బ్లేడు పెట్టింది మా స్టోర్ కీపరే అని నేను పైకి రాయాలి. మీరు పోతారు, నేను పోతాను. ఆవిణ్ణి మళ్ళీ ఎవరూ పిలవరు. ఎవరికండీ లాభం? ఇంటికెళ్ళి హాయిగా గడ్డం గీసుకోండి."

"అలాగేనండీ" అన్నాను. ఆయన ఒప్పుకోనందుకు నా ఒళ్ళంతా తేలికపడింది. నేను చేసినవాటిలో అన్నిటికన్నా నీచంగా తోచేది అదే, ఆ తేలికపడడం.

ఒక ఆదివారం ఆపిల్ పళ్ళు కొనుక్కుని పాల్మాకుల వెళ్ళాను. క్షమాపణకు పళ్ళు తీసుకెళ్ళే మనిషిని నేను. ఆమె వాకిట్లో కూర్చుని ఎవరి తోటలోవో చిక్కుడుకాయలు ఏరి గోనెసంచిలో పోస్తోంది. లోపల మంచం మీద కాలు చాపుకుని భర్త పడుకుని ఉన్నాడు.

"ఏంది సారు, గింత దూరమొచ్చిండ్రు?"

గొంతు తగ్గించి, "నీకు నిజం చెప్పాలని వచ్చానమ్మా. ఆ బ్లేడు నాదే. నన్ను క్షమించు" అన్నాను.

ఆమె చెయ్యి ఆగలేదు. పుచ్చు కాయలు ఒకవైపు, మంచివి ఒకవైపు. "నాకెరుకే గద సారు. ఎరుకున్నదాన్కి జెప్పనీకి పండ్లు పట్కొని వస్తరా? పోయి ఎరుక లేనోళ్లకు జెప్పుండ్రి." తర్వాత లోపలికి తల ఊపింది. "మా ఆయన సుత నేనే పోగొట్టిననుకుంటుండు. రోజూ తిడుతుండు. ముందుగాల గాయనకు జెప్పుండ్రి."

లోపలి నుంచి భర్త పలకరించాడు. "ఎవలు, పని కాడి సారా? రాండ్రి సారు, కూసోండ్రి." నేను గడప దగ్గర నిలబడ్డాను. ఆయన మోచేతి మీద లేచి కూర్చున్నాడు. "ఒక్క బ్లేడు పోగొట్టి నౌకరి పోగొట్టుకున్నది సారు. ఎన్నిసార్లు జెప్పిన, జర పైలంగ పని జెయ్యమని. దీనికి దిమాక్ లేదు. మీరు జర పెద్దసారుకు జెప్పి మల్ల పెట్టిపియ్యరాదుండ్రి? మీ అసొంటోళ్లు జెప్తే ఇంటరు."

వాకిట్లో చిక్కుడుకాయల చప్పుడు ఆగింది. ఆమె వింటోందని తెలుస్తూనే ఉంది. నేను చెప్పాల్సింది రెండు మాటలు.

"చూస్తాను" అన్నాను. పళ్ళు గడప మీద పెట్టి వచ్చేశాను.

రెండు వారాలు మంగలి షాపులో గీయించుకున్నాను. అంతకన్నా ప్రాయశ్చిత్తం నా వల్ల కాలేదు. తర్వాత విదేశీ బ్లేడ్లు తెప్పించుకున్నాను, ఇంకో ఎనిమిది రేజర్లు కొన్నాను, సేకర్తనని పేరు తెచ్చుకున్నాను. కుర్రాళ్ళూ, మీరు ఫోటోలు తీసుకున్నది వాటినే.

ఈ రాతలో ఎవరి పేరూ లేదు. మర్యాద కోసం అనుకోకండి, ఇప్పటికీ నాకు పిరికితనం పోలేదు. ఏడేళ్ళుగా ఎవరూ ఏమీ చెయ్యలేని చోట కూర్చుని, మొహం తెలియని మీకు చెప్పడం సులువు. వాళ్ళిల్లు పాల్మాకులలో ఇంకా అక్కడే ఉందని కనుక్కున్నాను. ఆయన మోకాలు అలాగే ఉందట, ఆమె పూలతోటల్లో కూలికి వెళ్తోందట. రేపు పొద్దున ఈ కాగితాలు పట్టుకుని బస్సెక్కుతున్నాను, ఈసారి పళ్ళు లేకుండా. ఆమె ఇంట్లో ఉన్నా లేకపోయినా ఆయన మంచం పక్కన కూర్చుని మొదటి నుంచి చదవాలి. అక్కడ మాత్రం నా పేరు చెప్పి మొదలుపెట్టాలి.